గుర్రానికి గడ్డి దొరికినంత దూరం

చెంగిజ్ ఖాన్ ముస్లిమా?

చరిత్ర మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్లను కూడా ఈ ప్రశ్న ఒక్క క్షణం ఆపుతుంది. పేరు చివర ఖాన్ ఉంది, ఊళ్లు తగలబెట్టాడు, సింధు నది దాకా వచ్చాడు. కాబట్టి అయ్యే ఉంటాడన్నది చాలామంది లెక్క. కానీ ఆయన ముస్లిం కాదు. ఆయన మొక్కింది తెంగ్రికి, అంటే నీలాకాశానికి. ఖాన్ అనేది మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో నాయకుడికి ఉండే బిరుదు. మన దగ్గర దేశ్‌ముఖ్, పటేల్ లాంటి పదవులు పేర్ల చివర చేరిపోయినట్టే అదీ తర్వాత పేర్లలో కలిసిపోయింది. ఆయన మనవడు హులాగు 1258లో బాగ్దాద్‌లో ముస్లింలకు పెద్ద అయిన ఖలీఫాను చంపించాడు. ఆ హులాగు మునిమనవడు, ఇరాన్‌ను ఏలిన గజాన్ 1295లో ఇస్లాం తీసుకున్నాడు. రెండింటికీ మధ్య 37 ఏళ్లే.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. 'తురక' అన్న మాట 'తుర్క్' నుంచి పుట్టింది. 14వ శతాబ్దపు మన శాసనాల్లో తురుష్కులని రాసింది ఢిల్లీ నుంచి వచ్చిన సైన్యాల గురించి. ఆ సైన్యాల్లో పెత్తనం తుర్కులది కావడంతో జాతి పేరు కాస్తా మతం పేరైపోయింది. ఇప్పుడది వినేవాళ్లను నొప్పించే మాటగా కూడా మారింది. ఇక మొఘల్ అంటే పారశీకంలో మంగోల్ అనే అర్థం. ఆ పేరుతో మనం పిలిచే బాబర్ తండ్రి వైపు తైమూర్ వంశం, తల్లి వైపు చెంగిజ్ వంశం, ఇంట్లో మాట్లాడింది తుర్కీ భాష.

మంగోల్, తుర్క్, ముస్లిం. మూడూ వేరు వేరు డబ్బాలు. మన బడి పుస్తకాలు మూడింటినీ ఒకే దాంట్లో ఒంపేశాయి. అందుకే 1040 నుంచి 1405 దాకా పశ్చిమాసియాలో జరిగింది చదువుతుంటే ఎవరు ఎవరి మీదికి ఎందుకు వెళ్లారో అంతుపట్టదు. దీన్ని మతాల యుద్ధంగా చదివితే సగం సంఘటనలకు అర్థమే ఉండదని నా అభిప్రాయం. గుర్రాల లెక్కగా, గడ్డి లెక్కగా చదివితే చాలా ముళ్లు వాటంతటవే విడిపోతాయి.

ముందు వచ్చింది తుర్కులు

మంగోలుల కంటే దాదాపు 180 ఏళ్ల ముందే తుర్కులు పశ్చిమాసియాలోకి దిగారు. వాళ్లు ఓఘుజ్ తెగలవాళ్లు, నాయకత్వం సెల్జుక్ కుటుంబానిది. అప్పటికే ముస్లింలు. వచ్చింది సైన్యంగా మాత్రమే కాదు. ఆడవాళ్లు, పిల్లలు, గుడారాలు, గొర్రెల మందలతో సహా కదిలారు. 1040లో మెర్వ్ దగ్గర దందానఖాన్ అనే చోట గజనీ సుల్తాన్ మసూద్‌ను ఓడించారు. సోమనాథ్ కథతో మనకు తెలిసిన గజనీ మహమూద్ కొడుకే ఈ మసూద్. అతని దగ్గర ఏనుగులున్నాయి, బరువైన కవచాలున్నాయి, పెద్ద ఖజానా ఉంది. లేనిదల్లా నీళ్లు. ఎడారి దారిలో బావులు పాడైపోయి దాహంతో సొమ్మసిల్లిన సైన్యాన్ని తేలికపాటి గుర్రపు విలుకాళ్లు చెదరగొట్టారు. ఏనుగు రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుందో తెలిసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు.

1055లో సెల్జుక్ నాయకుడు తుగ్రుల్ బాగ్దాద్‌లో అడుగుపెట్టాడు. ఖలీఫాను చంపలేదు, ఆయన చేతుల మీదుగానే సుల్తాన్ అనిపించుకున్నాడు. 1071లో మంజికెర్ట్ దగ్గర సెల్జుక్ సుల్తాన్ అల్ప్ అర్స్‌లాన్ బైజాంటియన్ (తూర్పు రోమన్) చక్రవర్తి రోమనోస్‌ను ఏకంగా బందీగా పట్టుకున్నాడు. ఆ తర్వాత అనటోలియా పీఠభూమి మీదికి తుర్క్‌మెన్ కాపరులు గుంపులు గుంపులుగా ఎక్కారు. ఈ రోజు టర్కీ అన్న దేశం అక్కడ ఉండటానికి మొదటి కారణం అదే. ఆ పీఠభూమి ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, పచ్చిక బాగుంటుంది. అదే తుర్కులు అరేబియా ఎడారి వైపు వలస వెళ్లలేదు.

వీళ్లు పాలన చేతకాక పారశీక గుమాస్తాల చేతికిచ్చారు. కత్తి తుర్కులది, కలం పారశీకులది. మూడు వందల ఏళ్ల పాటు ఈ పద్ధతే నడిచింది, మంగోలులు వచ్చాక కూడా.

ఒత్రార్‌లో 450 మంది

1218లో చెంగిజ్ ఖాన్ దగ్గర్నుంచి బయల్దేరిన ఒక వర్తకుల బిడారు సిర్ దర్యా నది ఒడ్డున ఉన్న ఒత్రార్ అనే సరిహద్దు ఊరికి చేరింది. సుమారు 450 మంది, దాదాపు అందరూ ముస్లిం వర్తకులే. ఒంటెల మీద బంగారం, వెండి, పట్టు, బొచ్చు తోళ్లు. ఆ ఊరు మధ్య ఆసియా, ఇరాన్‌లను ఏలుతున్న ఖ్వారజ్మ్ షా మహమ్మద్ రాజ్యంలోది. అక్కడి అధికారి ఇనాల్చుక్ వీళ్లు గూఢచారులని చెప్పి అందరినీ చంపించి సరుకు లాగేసుకున్నాడు. గూఢచారులు కారని ఖచ్చితంగా చెప్పలేం కూడా. ఆ రోజుల్లో దూరదేశపు వర్తకుడికి, వేగుకు మధ్య గీత పలచనే. చెంగిజ్ రాయబారులను పంపి ఆ అధికారిని అప్పగించమన్నాడు. షా రాయబారిని చంపించాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. చచ్చిన వర్తకులు ముస్లింలు, చంపినవాడు ముస్లిం, పగ తీర్చుకున్నవాడు తెంగ్రికి మొక్కేవాడు. షా సైన్యంలో పెద్ద భాగం కిప్చాక్, కాన్‌గ్లీ తుర్కులు. షా తల్లి తెర్కెన్ ఖాతూన్ ఆ తెగల ఆడపడుచే. ఆవిడ మాటకు ఎదురు చెప్పలేక షా సతమతమయ్యేవాడు. అటు చెంగిజ్ సైన్యంలోనూ తుర్కులున్నారు. ఉయ్గుర్లు, కార్లుక్‌లు ముందే వచ్చి చేరారు. మంగోలులు తమ భాష రాసుకోవడానికి వాడిన లిపి కూడా ఉయ్గుర్ తుర్కులదే.

1219లో దండు కదిలింది. ఒత్రార్ ముట్టడి నెలల పాటు సాగుతుండగా చెంగిజ్ స్వయంగా కిజిల్‌కుమ్ ఎడారిని అడ్డంగా దాటి 1220 ఫిబ్రవరిలో, ఎవరూ ఊహించని దిక్కు నుంచి బుఖారా ముందు తేలాడు. మార్చిలో సమర్‌ఖండ్ పడిపోయింది. షా పారిపోయాడు. వెంటాడిన మంగోల్ సేనానులు జెబే, సుబుతాయిలకు చిక్కకుండా చివరికి కాస్పియన్ సముద్రంలోని ఒక చిన్న దీవిలో ఆ ఏడాది చివరన చనిపోయాడు. జెబే, సుబుతాయి మాత్రం వచ్చిన పని అయిపోయిందని వెనక్కి తిరగలేదు. కాకసస్ పర్వతాలు దాటి, జార్జియన్లను కొట్టి, 1223లో కల్కా నది దగ్గర రష్యన్ యువరాజుల సేనను నాశనం చేసి, కాస్పియన్ చుట్టూ తిరిగి వాళ్ల దండు ఇల్లు చేరింది.

షా కొడుకు జలాలుద్దీన్ ఒక్కడే ఎదురు నిలిచాడు. పర్వాన్ దగ్గర మంగోల్ సేనను ఓడించాడు కూడా. 1221 నవంబర్‌లో సింధు ఒడ్డున దారి మూసుకుపోతే గుర్రంతో సహా నదిలోకి దూకి ఇవతలికి ఈదుకొచ్చాడు. ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్‌మిష్‌ను ఆశ్రయం అడిగాడు. ఇల్తుత్‌మిష్ కూడా తుర్కే, ఒకప్పుడు బానిసగా అమ్ముడుపోయినవాడే. అయినా వెనకాల చెంగిజ్ ఉన్నాడని తెలిసి, ఇక్కడి వాతావరణం మీకు పడదని మర్యాదగా కబురంపాడంటారు. మతం, జాతి రెండూ కలిసినా ఆశ్రయం దొరకలేదు. ఆ టెన్షన్‌లో ఇల్తుత్‌మిష్ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారేమో.

సైన్యం ఎలా పనిచేసింది

పదిమంది ఒక జట్టు, పది జట్లు వంద, పది వందలు వెయ్యి, పది వేలు ఒక తుమెన్. ఈ దశాంశపు లెక్క చెంగిజ్ కనిపెట్టింది కాదు, గడ్డిమైదానాల్లో పాతదే. అతను చేసిన కొత్త పని ఒకటుంది. ఓడిన తెగను ఒకే దళంగా ఉంచకుండా ముక్కలు చేసి వేరు వేరు దళాల్లో కలిపేశాడు. తాత పేరు చెప్పుకుని తిరగబడే అవకాశం పోయింది. ఆ మనిషి ఇక కెరెయిత్ కాదు, నైమాన్ కాదు, ఫలానా వెయ్యిమంది దళంలో ఫలానా పదిలో ఒకడు. దండు పడమరకు పోయేకొద్దీ ఈ పదుల్లోకి తుర్కులు ఎక్కువగా వచ్చి చేరారు. ఒక తరం గడిచేసరికి 'మంగోల్ సైన్యం' అన్నదాంట్లో అసలు మంగోలులు తక్కువ. వోల్గా ఒడ్డున స్థిరపడ్డ మంగోల్ రాజ్యం చివరికి తుర్కీ భాషే మాట్లాడింది.

ఆయుధం కొమ్ము, కర్ర, నరాలు అతికించి చేసిన పొట్టి విల్లు. పరుగెత్తే గుర్రం మీంచి వెనక్కి తిరిగి కూడా వేయొచ్చు. ఓడినట్టు పారిపోయి, తరుముకొచ్చినవాడిని చెల్లాచెదురు చేసి, మలుపులో చుట్టుముట్టడం వీళ్ల పాత ఎత్తు. కోటలను పట్టుకోవడానికి విల్లు చాలదు కదా, దానికి చైనా నుంచి రాళ్లు విసిరే యంత్రాల పనివాళ్లను వెంట తెచ్చుకున్నారు. పట్టుకున్న ఊరి జనాన్నే తర్వాతి ఊరి గోడల ముందుకు తోసేవారు.

చావుల లెక్క దగ్గర కొంచెం ఆగాలి. మెర్వ్‌లో 13 లక్షల మంది చనిపోయారని పారశీక చరిత్రకారుడు జువైనీ రాశాడు. నిషాపూర్‌కు అంతకంటే పెద్ద అంకెలు రాసినవాళ్లూ ఉన్నారు. అప్పటి ఏ ఊళ్లోనూ అంతమంది పట్టరు, అంతమందికి నీళ్లు కూడా అందవు. నా మటుకు నేను వీటిని జనాభా లెక్కలుగా చదవను. లెక్కపెట్టలేకపోయామని చెప్పే పద్ధతిగా చదువుతాను. అలాగని ఘోరం చిన్నదైపోదు. 1262లో హులాగు ఫ్రాన్సు రాజు లూయీకి రాయించిన ఉత్తరంలో బాగ్దాద్‌లో రెండు లక్షలకు పైగా చంపామని స్వయంగా గొప్పగా చెప్పుకున్నాడు. చచ్చినవాళ్ల తర్వాత, బతికినవాళ్లకు మిగిలింది పూడిపోయిన కాలువలు. ఖొరాసాన్‌లో చాలా సేద్యం నేల కింద తవ్విన నీటి సొరంగాల మీద ఆధారపడింది. ఏటా పూడిక తీసే మనుషులే లేకపోతే అవి వాటంతటవే ఎండిపోతాయి. మన దగ్గర గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

బాగ్దాద్

చెంగిజ్ 1227లో పోయాడు. 1243లో బైజు అనే సేనాని కోసె దాగ్ దగ్గర అనటోలియా సెల్జుక్‌లను ఓడించాడు. అంటే తుర్కులు కట్టుకున్న ఇంటికి మంగోలులు యజమానులయ్యారు. అసలు పెద్ద దండు మాత్రం 1253లో చెంగిజ్ మనవడు, అప్పటి పెద్ద ఖాన్ మోంకే తన తమ్ముడు హులాగును పంపినప్పుడు వచ్చింది. 1256లో ఇరాన్‌లోని అలమూత్ కొండకోటలో ఇస్మాయిలీలు అనే షియా శాఖవాళ్లు లొంగిపోయారు. వాళ్ల దగ్గరున్న ఖగోళ పండితుడు నసీరుద్దీన్ తూసీ హులాగు కొలువులో చేరాడు.

1258 జనవరి 29న బాగ్దాద్ ముట్టడి మొదలై ఫిబ్రవరి 10న ముగిసింది. రెండు వారాలు కూడా పట్టలేదు. ఖలీఫా ముస్తాసిమ్‌ను తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారంటారు. రాజరక్తం నేల మీద పడకూడదన్నది మంగోలుల ఆచారం. టైగ్రిస్ నీళ్లు పుస్తకాల సిరాతో నల్లబడ్డాయన్న మాట తర్వాతి తరాల కథల్లోంచి వచ్చింది. పుస్తకాలు పోయిన మాట నిజమే, కొన్ని మిగిలిన మాటా నిజమే. మరుసటి ఏడాదే తూసీ కోసం మరాఘాలో హులాగు పెద్ద వేధశాల కట్టించడం మొదలుపెట్టాడు.

ఇంతకీ బాగ్దాద్ గోడల బయట ఎవరున్నారు? మంగోలులు, తుర్కులతో పాటు జార్జియా, ఆర్మీనియా క్రైస్తవులున్నారు. మోసుల్ ముస్లిం పాలకుడు సాయం పంపాడు. దక్షిణ ఇరాన్ ముస్లిం ప్రభువు దళాలూ ఉన్నాయి. హులాగు పెద్ద భార్య దొకుజ్ ఖాతూన్ నెస్టోరియన్ క్రైస్తవురాలు, ఆవిడ మాట మీద ఊళ్లోని క్రైస్తవులను వదిలేశారు.

350 లారీల గడ్డి

ఇక అసలు ముడి ఇది. 1260 జనవరిలో సిరియాలోని అలెప్పో, మార్చిలో డమాస్కస్ హులాగు చేతికి వచ్చాయి. ఎదురు నిలిచేవాడు లేడు. ఈజిప్టు నాలుగడుగుల దూరం. సరిగ్గా అప్పుడు హులాగు సైన్యంలో ఎక్కువ భాగాన్ని తీసుకుని అజర్‌బైజాన్ వైపు వెనక్కి వెళ్లిపోయాడు. సిరియాలో కిత్‌బుఖా అనే సేనానిని, పది పన్నెండు వేల మందిని ఉంచాడు. ఎందుకు?

మామూలుగా చెప్పే జవాబు, అన్న మోంకే చనిపోయాడన్న కబురు అందిందని. మోంకే 1259 ఆగస్టులోనే పోయాడు. వారసత్వం తగాదా మొదలైంది. అది కారణం కాదనను. కానీ లూయీకి రాసిన ఆ ఉత్తరంలోనే హులాగు ఇంకో మాట చెప్పాడు: మేత, తిండి అయిపోయాయి, ఎండలు వస్తున్నాయి.

మంగోల్ రౌతుకు ఒక్క గుర్రం సరిపోదు. సుమారు అయిదు ఉండేవి. ఒకటి అలిసిపోతే ఇంకోటి ఎక్కాలి, ఆడగుర్రాల పాలు తాగాలి, అవసరమైతే ఒకదాన్ని కోసుకు తినాలి. ఇవి కొట్టంలో కట్టేసి దాణా పెట్టే గుర్రాలు కావు, బయట మేసేవి. సిరియాకు వచ్చిన సేన లక్షకు అటూ ఇటూ ఉంటుందని చరిత్రకారుల అంచనా. అంటే అయిదు లక్షల గుర్రాలు. పొట్టి జాతి గుర్రం కూడా రోజుకు ఎండుగడ్డి లెక్కన ఏడు కిలోలు తింటుంది, ఇరవై లీటర్లు తాగుతుంది. లెక్క వేస్తే రోజుకు 3,500 టన్నుల మేత. పది టన్నుల లారీలయితే 350, అదీ ప్రతి రోజూ. నీళ్లు కోటి లీటర్లు. ఇందులో తిండికి తోలుకొచ్చిన గొర్రెలను కలపలేదు.

సిరియాలో వానలు చలికాలంలో పడతాయి. వసంతంలో పచ్చిక లేస్తుంది. మే దాటితే అంతా గోధుమ రంగు. అదే అజర్‌బైజాన్ చూడండి. శీతాకాలానికి ముఘాన్ మైదానం, ఎండాకాలానికి పక్కనే కొండల మీద చల్లటి పచ్చిక బయళ్లు. మంగోల్ రాజులు తబ్రీజ్, మరాఘా, సుల్తానియా చుట్టూనే తిరగడం, అక్కడే రాజధానులు పెట్టుకోవడం గడ్డి కోసమే. నలభై ఏళ్ల తర్వాత గజాన్ విషయంలోనూ ఇదే జరిగింది. 1299 డిసెంబర్‌లో హోమ్స్ దగ్గర గెలిచి డమాస్కస్ పట్టుకున్నాడు. ఫిబ్రవరికల్లా వెనక్కి. ఆ తర్వాత ఈజిప్టు వాళ్లు తాపీగా వచ్చి మళ్లీ ఊరు తీసుకున్నారు. అప్పుడు ఏ ఖాన్ చావు కబురూ రాలేదు మరి.

ఈ లెక్క అందరికంటే బాగా తెలిసింది శత్రువుకే. ఈజిప్టును ఏలే మమ్లూక్‌లు సరిహద్దు దాటి మనుషులను పంపి మంగోలులు వచ్చే దారిలోని గడ్డిభూములను తగలబెట్టించేవారు. కోట కాదు, ఊరు కాదు, గడ్డి!

సిరియానే ఇలా ఉంటే మన దక్షిణాది సంగతి చెప్పాలా? మార్కో పోలో ఒక మంగోల్ పెళ్లికూతురిని చైనా నుంచి ఇరాన్ రాజుకు అప్పగించే ఓడల్లో 1290ల మొదట్లో మన తీరాల మీదుగా పోయాడు. హోర్ముజ్ లాంటి రేవుల నుంచి ఏటా వేల గుర్రాలు దక్షిణాదికి వస్తాయని, ఇక్కడ బతకక చచ్చిపోతుంటాయని, మళ్లీ కొంటారని రాశాడు. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి చక్కగా ఏలుతోందనీ రాశాడు. ఆమె రుద్రమదేవే అని మనవాళ్లు గుర్తించారు. ఆ పెళ్లికూతురిని చివరికి చేసుకున్నది గజానే.

అమ్ముడుపోయినవాళ్లే ఎదురొచ్చారు

ఇప్పుడు 1260 సెప్టెంబర్ 3. పాలస్తీనాలో అయిన్ జాలూత్ అనే ఊట దగ్గర కిత్‌బుఖా దళం, ఈజిప్టు దళం ఎదురుపడ్డాయి. ఈజిప్టు సుల్తాన్ ఖుతుజ్ అప్పటికే మంగోల్ రాయబారులను చంపించి తలలు కైరో ద్వారానికి వేలాడదీశాడు. ముందు దళాన్ని నడిపింది బైబర్స్. కొద్దిమందితో వెళ్లి, కొట్టి, ఓడినట్టు పారిపోయాడు. కిత్‌బుఖా తరిమాడు. కొండ మలుపులో ఖుతుజ్ చుట్టుముట్టాడు. మంగోలుల ఎత్తు మంగోలుల మీదే పారింది.

ఎలా పారదు? బైబర్స్ కిప్చాక్ తుర్క్. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల్లో పుట్టాడు. అతని కుర్రతనంలో ఆ మైదానాల మీద మంగోలులు పడ్డారు. తెగలు చెదిరిపోయాయి, పిల్లలు బానిసల బజారుకు చేరారు. బైబర్స్‌ను డమాస్కస్‌లో 800 దిర్హాములకు కొన్న బేరగాడు కంట్లో తెల్లమచ్చ చూసి, సరుకులో లోపం ఉందని వెనక్కి ఇచ్చేశాడన్న కథ ఉంది. మమ్లూక్ అంటే ఒకరి సొత్తు అని అర్థం. ఈజిప్టు సుల్తాన్లు ఇలాంటి కుర్రాళ్లను కొని, ఇస్లాం నేర్పి, ఏళ్ల తరబడి విలువిద్య, ఈటె, గుర్రపు స్వారీ సాధన చేయించి సైనికులను చేసేవారు. మంగోలుల దాడితో బజారులో కుర్రాళ్ల సంఖ్య పెరిగింది, ధర తగ్గింది. 1250లో ఈ బానిస సైనికులే రాజ్యం లాక్కున్నారు. అంటే మంగోలులు ఊళ్లు పాడుచేసి బజారుకు తోసిన పిల్లలు ఇరవై ఏళ్ల తర్వాత విల్లు పట్టుకుని ఎదురొచ్చారు. మొత్తం ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే మలుపు ఇదే. తేడా ఒక్కటే: మమ్లూక్‌కు బార్లీ తిని కొట్టంలో బలిసిన పెద్ద గుర్రం ఒక్కటి చాలు. గడ్డి మీద బతుకు లేదు.

మతం లెక్కన ఆ యుద్ధాన్ని పేర్చడానికి ప్రయత్నించి చూడండి. కిత్‌బుఖా క్రైస్తవుడు. అతని పక్కన సిరియా ముస్లిం ప్రభువులున్నారు, అందులో ఒకడు యుద్ధం మధ్యలో అటు దూకేశాడు. అక్రా రేవులోని క్రూసేడర్ క్రైస్తవులు ఈజిప్టు ముస్లిం సేన తమ నేల మీదుగా పోవడానికి ఒప్పుకున్నారు. గెలిచి కైరోకు తిరిగొస్తుండగా దారిలోనే ఖుతుజ్‌ను చంపి బైబర్స్ సుల్తాన్ అయ్యాడు, పదిహేడేళ్లు ఏలాడు.

హులాగుకు ఆ ఓటమి పగ తీర్చుకునే తీరిక దొరకలేదు. వోల్గా వైపు ఏలుతున్న పెదనాన్న కొడుకు బెర్కే ముస్లిం అయ్యాడు, కాకసస్ పచ్చిక తమదన్నాడు. 1262లో మంగోలులూ మంగోలులూ కొట్టుకున్నారు. బెర్కే బైబర్స్‌తో చేయి కలిపాడు. అతని మైదానాల నుంచి కిప్చాక్ కుర్రాళ్లు కాన్‌స్టాంటినోపుల్ మీదుగా ఓడల్లో కైరో చేరుతూనే ఉన్నారు, చాలావరకు జెనోవా క్రైస్తవ వర్తకుల చేతుల మీదుగా. వ్యాపారానికి వ్యాపారమే.

ఇరాన్‌లో మంగోల్ పాలన తర్వాతి డెబ్బై ఏళ్లు వేగంగా చెప్పేయొచ్చు. 1294లో ఖజానా ఖాళీ అయితే చైనాను చూసి తబ్రీజ్‌లో కాగితపు డబ్బు అచ్చువేశారు. దాని పేరు చావ్. మన చెవికి అది ఎలా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు, పని కూడా అలాగే అయ్యింది. దుకాణాలు మూతపడి, బజారులో తిండి దొరక్క, రెండు నెలల్లో వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది గజాన్ ముస్లిం అయ్యాడు, అతని సైన్యంలో అప్పటికే చాలామంది అయ్యారు. అయినా ముస్లిం మమ్లూక్‌ల మీద మళ్లీ మళ్లీ దండెత్తాడు. 1323లో సంధి కుదిరింది. 1335లో ఇరాన్ మంగోల్ రాజు అబూ సయీద్ వారసుడు లేకుండా పోయాడు. రాజ్యం ముక్కలైంది.

అల్లుడు తైమూర్

ఆ ముక్కల మీదికి వచ్చినవాడు తైమూర్. బర్లాస్ తెగ. మూలం మంగోల్, మాట తుర్కీ, మతం ఇస్లాం. మూడు డబ్బాలూ ఒకే మనిషిలో. కానీ చెంగిజ్ రక్తం కాదు కాబట్టి ఖాన్ అనిపించుకోలేడు. చెంగిజ్ వంశపు పిల్లను పెళ్లాడి 'గురెగాన్' అని బిరుదు పెట్టుకున్నాడు, అంటే అల్లుడు. సగం ఆసియాను వణికించినవాడు జీవితాంతం అల్లుడిగానే సంతకం పెట్టుకున్నాడు.

అతని దెబ్బ తిన్న ఊళ్లు దాదాపు అన్నీ ముస్లిం పాలకులవే. 1387లో ఇస్ఫహాన్, 1398లో ఢిల్లీ, 1401లో డమాస్కస్, బాగ్దాద్. డమాస్కస్ ముట్టడిలో చిక్కుకున్న చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్‌ను గోడ మీంచి తాళ్లతో కిందికి దించితే వెళ్లి తైమూర్‌తో వారాల పాటు ముచ్చటించాడు. ఎడారి తెగలు ఎలా రాజ్యాలు కడతాయో, ఎలా చెడతాయో సిద్ధాంతం రాసిన పెద్దమనిషికి అలాంటివాడే ఎదురుగా కూర్చున్నాడు. 1402 జూలైలో అంకారా దగ్గర ఒట్టోమన్ సుల్తాన్ బయజీద్ బందీ అయ్యాడు. ప్రతిసారీ తైమూర్ కొల్లగొట్టి, పనివాళ్లను తోలుకుని సమర్‌ఖండ్‌కు వెళ్లిపోయాడు. గెలిచినంత మేర నిలిచి ఏలే ఓపిక లేదు. 1405 ఫిబ్రవరిలో చైనా మీదికి పోతూ చలిలో చనిపోయాడు. ఎక్కడనుకున్నారు? ఒత్రార్‌లో. ఆ 450 మంది వర్తకుల ఊళ్లోనే.

తైమూర్ దెబ్బకు పారిపోయి, అతను పోయాక తబ్రీజ్ పట్టుకున్న ఒక తుర్క్‌మెన్ తెగ ఉంది. పేరు కరా కోయున్లు, అంటే నల్ల గొర్రెలవాళ్లు. 1467లో ప్రత్యర్థులైన తెల్ల గొర్రెలవాళ్లు, అక్ కోయున్లు, వాళ్ల రాజు జహాన్ షాను చంపి రాజ్యం లాక్కున్నారు. తలదాచుకునే చోటు కోసం ఆ వంశపు కుర్రాడొకడు హమదాన్ నుంచి దక్కన్‌కు వచ్చి బహమనీ కొలువులో చేరాడు. తెలంగాణ సుబేదారై, తర్వాత గోల్కొండలో సొంత రాజ్యం పెట్టుకున్నాడు. అతనే సుల్తాన్ కులీ కుతుబ్ షా. 1543లో నమాజులో ఉండగా కొడుకు జంషీద్ చంపించాడు. ఇంకో కొడుకు ఇబ్రహీం ప్రాణభయంతో విజయనగరం పారిపోయి రామరాయల దగ్గర ఏడేళ్లు పెరిగాడు. అక్కడ తెలుగు రుచి మరిగాడు. 1550లో గోల్కొండ గద్దె ఎక్కాక తన కొలువులో తెలుగు కవులను పోషించాడు. వాళ్ల నోట ఇబ్రహీం పేరు మల్కిభరాముడు.